డిస్క్ ఆపరేషన్‌కి నరాల మానిటరింగ్ ఉండి తీరాలా? అమ్మ కాలి చెప్పు జారిపోతోంది

కోరుట్ల_కొడుకు:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు, కోరుట్లలో ఉంటుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి బీడీలు చేస్తోంది. చాట ఒళ్లో పెట్టుకుని, నడుం వంచి, రోజుకు ఏడెనిమిది గంటలు. నడుంనొప్పి ఎప్పుడూ ఉండేదే కాబట్టి ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. సంక్రాంతి దాటాక నొప్పి కాల్లోకి దిగింది. కుడి పిర్ర దగ్గర మొదలై తొడ పక్కగా, మోకాలి కింద బయటివైపుగా, పాదం మీద బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోందట. ఎమ్మారై తీయించాం. ఎల్4-ఎల్5 మధ్య, అంటే నడుం నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ బయటికి పొడుచుకొచ్చి కుడివైపు ఎల్5 నరాన్ని నొక్కుతోందని రాశారు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది.

వారం నుంచి ఇంకోటి మొదలైంది. నడుస్తుంటే కుడి కాలి చెప్పు జారిపోతోంది. మొన్న కిరాణా కొట్టుకు వెళ్లి ఇంటికి వచ్చేసరికి కుడి కాలికి చెప్పు లేదు. ఎక్కడ పడిపోయిందో ఆమెకే తెలియదు. వెనక వస్తున్న పక్కింటి పిల్ల తెచ్చి ఇచ్చింది.

హైదరాబాద్‌లో ఇద్దరు సర్జన్లకు చూపించాను. మొదటాయన, మైక్రోస్కోప్ కింద చిన్న గాటు పెట్టి, నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేస్తానన్నారు. గంటన్నర పని, మర్నాడు నడిపిస్తాం, మానిటరింగ్ అవసరం లేదన్నారు. రెండో చోట, కీహోల్‌లోనే డిస్క్ మొత్తం తీసి, దాని చోట కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, నాలుగు స్క్రూలు వేస్తామన్నారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నరాలను మిషన్ మీద చూస్తుంటారు కాబట్టి నూటికి నూరు శాతం సేఫ్ అని అక్కడ కౌన్సెలింగ్ చేసే అమ్మాయి చెప్పింది. ఖర్చు మొదటి చోటికి మూడు రెట్లు.

మా చిన్నాన్న ఏమో, మిషన్ లేని చోట చేయించొద్దు, డబ్బు సర్దుకోవడానికి ఇంకో నెల ఆగుదాం అంటున్నాడు. మిషన్ లేకుండా చేయించి, రేపు అమ్మ కాలు పడిపోతే నేను తట్టుకోలేను. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. అసలు ఆ మానిటరింగ్ ఏం చేస్తుంది? అది లేకపోతే ప్రమాదమా? తెలిసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_లక్ష్మి:

తమ్ముడూ, నాకు నాలుగేళ్ల క్రితం ఇక్కడ ఎల్3-ఎల్4 దగ్గర ఆపరేషన్ అయింది. వీపు మీద కాకుండా పక్క నుంచి, నడుముకీ పక్కటెముకలకీ మధ్య గాటు పెట్టి చేశారు. ఆ రోజు పొద్దున్నే ఒకామె వచ్చి, నేను మీ నరాలను చూసే టెక్నాలజిస్టుని అని పరిచయం చేసుకుని, కాళ్లలో ఎక్కడెక్కడ సూదులు పెడతారో చూపించింది. ఆమె చూసే తెరనే వేరే ఊళ్లో ఒక డాక్టరు కంప్యూటర్లో చూస్తారట. దానికి బిల్లు కూడా వేరే వచ్చింది, ఇన్సూరెన్సుతో రెండు నెలలు కొట్లాడాను. అయినా నా సలహా ఒకటే. మిషన్ లేకుండా వెన్ను ముట్టుకోనివ్వకు. అమ్మ కాలు కంటే ఎక్కువా డబ్బు?

గుంటూరు_లెక్కల_మాస్టారు:

నాకు రెండేళ్ల క్రితం ఎల్4-ఎల్5 లోనే ఎండోస్కోపీతో తీశారు. ఏ మిషనూ లేదు, పూర్తి మత్తు కూడా ఇవ్వలేదు. నడుం పక్కన తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, కొంచెం మగతగా ఉండే మందు ఎక్కించి, బోర్లా పడుకోబెట్టారు. పెన్సిలంత గొట్టం లోపలికి వెళ్తుంటే డాక్టరు గారు మాట్లాడిస్తూనే ఉన్నారు. "మాస్టారూ, కాల్లోకి ఏమన్నా లాగుతోందా? పాదం ఒకసారి పైకి లేపండి." ఒకసారి మోకాలి లోపలివైపు మెరుపులా కొట్టింది. అమ్మా అన్నాను. వెంటనే ఆపి, గొట్టం కొంచెం వెనక్కి లాగి, వాలు మార్చి మళ్లీ వెళ్లారు. ముక్క బయటికి వచ్చిన క్షణం నాకే తెలిసింది. మూడు నెలలుగా కాలి మీద కూర్చున్న మనిషి లేచి వెళ్లినట్టు అనిపించింది.

అందుకని మిషన్ లేకపోతే పని జరగదని నేను అనుకోను. అయితే నా కాల్లో బలం తగ్గలేదు, నొప్పి ఒక్కటే. అమ్మగారి సంగతి వేరు కావచ్చు. చెప్పు జారడం సంగతి మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పండి బాబూ.

ఓటీ_టెక్నీషియన్:

మీరు అడుగుతున్న ఆ మిషన్ ముందు కూర్చునేది నేనే. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా ఇదే పని. డాక్టర్ని కాను, న్యూరోఫిజియాలజీ టెక్నీషియన్ని. మిషన్ పెట్టెలో సర్దుకుని, పిలిచిన ఆసుపత్రికల్లా వెళ్తాను. మా ఇల్లు గడిచేది దీని మీదే. అందుకే ఇది ఎక్కడ కావాలో, ఎక్కడ లేకపోయినా ఫరవాలేదో దాచకుండా చెప్పాలనిపించింది. రాత్రి డ్యూటీ దిగి రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు చెప్పు సంగతి. మిగతావన్నీ తర్వాత. పాదాన్నీ బొటనవేలినీ పైకి ఎత్తే కండరాలకు ముఖ్యంగా ఎల్5 నరం నుంచే ఆదేశం వెళ్తుంది. వేళ్లు చెప్పును పట్టుకోలేకపోతున్నాయంటే, జారిన సంగతి కూడా తెలియలేదంటే, ఆ నరం నొప్పి పుట్టించే దశ దాటి పని మానేసే దారిలో ఉందేమో చూడాలి. ఒట్టి కాలునొప్పి అయితే ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది, అప్పుడు ఆగమనే డాక్టర్లూ చెబుతారు. కానీ రోజురోజుకూ బలం తగ్గుతుంటే ఆ లెక్క వర్తించదు. మీ చిన్నాన్న చెప్పిన నెల రోజుల మాట మాత్రం వినకండి. రేపే మొదటి సర్జన్‌కు ఫోన్ చేసి, వారం నుంచి చెప్పు జారుతోందని చెప్పండి. మీరు చూపించిన రోజుకు ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో.

ఇంకొకటి, మీరు అడగలేనిది. మూత్రం వస్తున్న సంగతి తెలియకుండా పోతోందా, ఆగి ఆగి వస్తోందా, సైకిల్ సీటు తగిలే చోట మొద్దుబారిందా అని అమ్మను అడగాలి. కొడుకు అడిగితే ఏ తల్లీ చెప్పదు. "బాగానే ఉంది పోరా" అంటుంది. చెల్లెలో, భార్యో ఉంటే వాళ్లతో అడిగించండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఓపీలో సిగ్గుపడి చెప్పకుండా వెనక్కి వెళ్లిపోయిన అమ్మలను నేను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మిషన్. మనిషికి మత్తు ఎక్కాక నా పని మొదలవుతుంది. తొడ ముందు భాగంలో, మోకాలి కింద ముందువైపు కండరంలో, పిక్కలో, పాదంలో జంటలు జంటలుగా సన్నటి సూదులు గుచ్చి మైక్రోపోర్ ప్లాస్టర్ వేస్తాను. ఒక్కో కండరం ఒక్కో నరం తరఫున సాక్షి అనుకోండి. మోకాలి కింద ముందు కండరం ఎక్కువగా ఎల్4, ఎల్5 కోసం, పిక్క దాని కింది ఎస్1 నరం కోసం. ప్లాస్టర్ గట్టిగా వేయకపోతే మనిషిని బోర్లా తిప్పేటప్పుడు సూది ఊడి వస్తుంది. తిప్పాక అన్నీ మళ్లీ సరిచూసుకుంటాను. తర్వాత తెర మీద గీతలు, స్పీకర్లో శబ్దం.

నడుం డిస్కుల్లో నాకు పనికొచ్చేది ముఖ్యంగా ఆ శబ్దమే. నరం తన పాటికి తాను ఉన్నంతసేపూ స్పీకర్ మౌనంగా ఉంటుంది. సర్జన్ దాన్ని పక్కకు జరిపి పట్టుకున్నప్పుడు లాగుడు ఎక్కువైతే, కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపట మొదలవుతుంది. ఒకటి రెండు చిటపటలకు భయం లేదు. ఆగకుండా పోపు మాడుతున్నట్టు వస్తుంటే "సార్, కుడి ఎల్5 పలుకుతోంది" అంటాను. ఆయన పట్టు వదులుతారు. గదిలో అందరూ ఒక్క క్షణం వింటాం. శబ్దం తగ్గి ఆగిపోతే మళ్లీ పని సాగుతుంది. పదకొండేళ్లయినా ఆ క్షణంలో నా అరచేతులకు చెమట పడుతూనే ఉంటుంది.

అది ఎంత వినగలదో తెలుసుకున్నట్టే, ఏం వినలేదో కూడా తెలుసుకోవాలి. రక్తం ఆపడానికి కరెంటుతో కాలుస్తున్నంతసేపూ నా తెర నిండా గోలే. ఆ సమయంలో నేను గుడ్డివాడినే. చల్లటి సెలైన్ పోసి కడిగినా నరం చిటపటలాడుతుంది, దెబ్బ ఏమీ ఉండదు. సిస్టర్‌కు చెప్పి గోరువెచ్చటి సెలైన్ తెప్పిస్తాం. దీనికి ఎదురు సంగతి ఇంకా ముఖ్యం. నరం ఒక్క వేటుకు తెగిపోతే పెద్దగా అరవకపోవచ్చు. ముందే నలిగి ఉన్న నరం సరిగా పలకకపోవచ్చు. కండరాలు సడలే మందు ఇంకా ఒంట్లో ఉంటే అసలేమీ పలకదు. ఒకసారి కేసు మధ్యలో స్పీకర్ మరీ నిశ్శబ్దంగా ఉందేమిటని అనుమానం వచ్చి, మడమ దగ్గర నాలుగు చిన్న పల్సులు ఇచ్చి చూశాను. నాలుగింటికీ పాదం నాలుగు సార్లు అదరాలి. ఒక్కసారీ అదరలేదు. సడలే మందు ఇంకో మోతాదు ఇచ్చామన్న సంగతి నాకు చెప్పడం మరిచిపోయారు. అంతకుముందు ఇరవై నిమిషాల నిశ్శబ్దానికి అర్థమే లేదు. అదృష్టం, ఆ పేషెంటుకు ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి మత్తు డాక్టరు గారి పక్కకు వెళ్లి, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో కాగితం మీద రాసుకున్నాకే కుర్చీలో కూర్చుంటాను. అందువల్ల "మిషన్ ఉంది కాబట్టి నూటికి నూరు శాతం సేఫ్" అనే మాట నా ముందు ఎవరన్నా అంటే ఊరుకోలేను. పేషెంటు ఇంటివాళ్లకు అలా చెప్పకూడదు.

లక్ష్మక్కకు చేసిన ఆపరేషన్‌లో మిషన్ ఉండాల్సిందే, ఆమె చెప్పింది ఆమె వరకు నిజం. పక్క నుంచి వెళ్లేటప్పుడు సోయాస్ అనే లావుపాటి కండరాన్ని చీల్చుకుని వెళ్లాలి. కాలికి వెళ్లే నరాల అల్లిక దాని లోపలే ఉంటుంది, సర్జన్ కంటికి కనబడదు. లోపలికి దించే గొట్టం కొనకు చిన్న కరెంటు ఇస్తూ, నరం ముందుందా వెనకుందా, ఎంత దగ్గరుందో కండరాల కదలికను బట్టి చెబుతాం. అక్కడ మేమే కళ్లు. మెడ దగ్గర, వీపు మధ్యలో, గూని సరిచేసే ఆపరేషన్లలో కూడా అంతే. అక్కడ వెన్నుపాము ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే పోయేది ఒక్క వేలు కాదు, రెండు కాళ్లూ. ఆ కేసుల్లో మడమ దగ్గర కరెంటు ఇచ్చి తల మీద అందుకోవడం, తల మీద ఇచ్చి కాళ్లలో అందుకోవడం రెండూ చేస్తాం. తల మీద ఇచ్చినప్పుడు దవడ బిగుసుకుంటుంది కనుక నాలుక తెగకుండా రెండు వైపులా దూది చుట్టలు పెడతాం. ఫిట్స్ ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలని అందుకే అడుగుతాం.

అమ్మది ఎల్4-ఎల్5. వెన్నుపాము మామూలుగా ఎల్1, ఎల్2 దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి గుర్రపు తోకలా విడివిడి నరాలే. వీపు నుంచి వెళ్లి మైక్రోస్కోప్ కింద చేసేటప్పుడు ఆ ఎల్5 నరం సర్జన్ కంటికి పెద్దదిగా, తెల్లగా, ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. ఆయన దాన్ని చూస్తూనే పక్కకు జరుపుతారు. మొదటిసారి డిస్క్ ముక్క తీసే ఇలాంటి ఆపరేషన్‌లో మానిటరింగ్ పెడితే ఫలితాలు మెరుగవుతాయని గట్టిగా చూపిన ఆధారం లేదు. చాలామంది మంచి సర్జన్లు పెట్టించుకోరు. నేను పనిచేసే సర్జన్లలోనే, గూని కేసు అంటే నేను లేకుండా గాటు పెట్టని ఆయన, మామూలు డిస్క్‌కు నన్ను పిలవరు. అందులో నాకు తప్పు కనబడలేదు.

మాస్టారు గారికి జరిగింది చదివి సంతోషం వేసింది. గదిలో అందరికంటే మంచి మిషన్ ఆయనే. మెలకువగా ఉన్న మనిషి "అమ్మా" అంటే దానికి మించిన అలారం లేదు. ఈ మిషన్లు రాకముందు గూని ఆపరేషన్లలో మనిషిని మధ్యలో మత్తు నుంచి లేపి, పాదాలు కదపమని అడిగి, కదిపాక మళ్లీ నిద్రపుచ్చేవారు. 1973లో ఫ్రాన్సులో స్టాన్యారా బృందం రాసిన పద్ధతి అది. గీతల మీద అనుమానం వస్తే అది ఇప్పటికీ చేస్తారు. నా కేసుల్లో రెండుసార్లు చేశారు.

ఇప్పుడు మీకు అసలు ప్రశ్న. మీరు రెండు ఆసుపత్రులను మిషన్ ఉంది, లేదు అని విడదీసి చూస్తున్నారు. నాకు కనిపిస్తున్న తేడా అది కాదు. ఒకాయన ముక్క తీస్తానంటున్నారు, ఇంకొకరు డిస్క్ మొత్తం తీసి స్క్రూలు బిగిస్తామంటున్నారు. రెండూ ఒకటి కాదు. స్క్రూలు వేసేటప్పుడు మానిటరింగ్‌కు ఒక ప్రయోజనం ఉంది. స్క్రూకు కొంచెం కొంచెంగా కరెంటు పెంచుతూ ఇస్తాం. చుట్టూ ఎముక గోడ బాగుంటే 10 మిల్లీ ఆంపియర్లు దాటినా కాలు కదలదు. ఐదారుకే కదిలిందంటే గోడ ఎక్కడో చీలి స్క్రూ నరానికి దగ్గరగా ఉందేమోనని తీసి చూసుకుంటారు. కానీ ఆ స్క్రూలు అమ్మకు ఎందుకు కావాలి? పూస పూస మీద నుంచి జారుతుంటేనో, ఇంకేదన్నా కారణం ఉంటేనో కావాలి. ఉందో లేదో నాకు తెలియదు, చెప్పాల్సింది సర్జనే. నిలబెట్టి, ముందుకు వంచి, వెనక్కి వంచి ఎక్స్‌రే తీశారా అని అడగండి. తీయకపోతే తీయమనండి. "స్క్రూలు ఎందుకు?" అని రెండో ఆసుపత్రిలో సర్జన్‌నే అడగండి, కౌన్సెలింగ్ అమ్మాయిని కాదు.

ఒకవేళ మిషన్ ఉన్న చోటే చేయించినా రెండు మాటలు అడగండి. ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, మొదటి నుంచి చివరి దాకా ఉంటారా? మత్తు డాక్టరుకు మానిటరింగ్ ఉందని ముందే తెలుసా? మందులు దానికి తగ్గట్టు మార్చుకోవాలి. అమ్మకు షుగర్ ఉందని నాలాంటివాడికి కూడా చెప్పండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పాదాల నరాలు ముందే నీరసించి, గీతలు మొదటి నుంచే చిన్నవిగా రావచ్చు. అది తెలియకపోతే ఆపరేషన్‌లో ఏదో అయిందని కంగారుపడతాం.

కోరుట్ల_కొడుకు:

అన్నా, మీ జవాబు ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. చిన్నాన్న ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్లి బ్యాగు సర్దాడు.

చెల్లెలితో అడిగించాను. మూత్రానికి ఇబ్బంది లేదట, మొద్దు కూడా లేదట. కానీ ఇంకో సంగతి బయటపడింది. చెప్పు జారడం వారం నుంచి కాదు, మూడు వారాల నుంచట. మాకు తెలిస్తే ఆపరేషన్ అంటామని, చెప్పుకు గుడ్డపేలిక కట్టి మడమకు ముడేసుకుని తిరిగిందట. చెల్లెలు ఆ చెప్పు ఫొటో పంపింది. బీడీలు కట్టే ఎర్రదారం కూడా చుట్టి ఉంది. చూసి చాలాసేపు ఏమీ చేయలేకపోయాను.

మొదటి సర్జన్‌కు ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. రేపు పొద్దున బయల్దేరుతున్నాం. ఒక్క అనుమానం. ఇప్పటికే మూడు వారాలైంది. ఆపరేషన్ బాగా జరిగినా వేలు లేవకపోతే, నరానికి లోపల ఏదో చేశారనుకోవాలా?

ఓటీ_టెక్నీషియన్:

అనుకోవద్దు తమ్ముడూ. ఒత్తిడి తీసేయడం సర్జన్ చేతిలో పని. నరం కోలుకోవడం దాని సొంత వేగంతో జరుగుతుంది, వారాలూ నెలలూ పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు కూడా. కాలునొప్పి మాత్రం చాలామందికి త్వరగానే తగ్గుతుంది. నొప్పి పోయింది, వేలు లేవలేదు అంటే అందులో వింత లేదు. ఎన్నో కేసుల్లో స్పీకర్ ఒక్క చిటపట కూడా అనకుండా ఆపరేషన్ ముగిసింది, అయినా పాదం లేవడానికి నెలలు పట్టింది. నలిగింది మేం గదిలోకి రాకముందే.

ఒక్క పని చేయండి. ఆపరేషన్‌కు ముందే, మంచం మీద అమ్మను కాళ్లు చాపుకుని కూర్చోబెట్టి, రెండు బొటనవేళ్లూ పైకి లేపమని చెప్పి ఫోన్లో తీయండి. తర్వాత పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. ముందు ఎంత ఉందో ఎవరూ రాసిపెట్టకపోతే, తర్వాత అందరూ ఒకరినొకరు అనుమానిస్తారు. సర్జన్ కూడా బలాన్ని 5కి ఎంత అని కేసుషీటులో రాస్తారు (5 అంటే పూర్తి బలం), ఆ అంకె అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ అయ్యాక బలం ఉన్నదానికంటే తగ్గినా, మూత్రం ఆగినా వెంటనే చెప్పాలి. అది మాత్రం ఆగి చూసేది కాదు.

గుంటూరు_లెక్కల_మాస్టారు:

బాబూ, జారే చెప్పులు తీసేసి మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. పట్టీ లేకపోతే పడిపోయే ప్రమాదం ఉంది. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

డల్లాస్_లక్ష్మి:

టెక్నీషియన్ గారూ, నా ఆపరేషన్ వేరు, అమ్మగారిది వేరు అన్నది నాకు మీరు రాశాకే అర్థమైంది. నాకు తెలిసిందే అందరికీ అనుకుని గట్టిగా చెప్పాను. తమ్ముడూ, నా మాట వల్ల ఆలస్యం కానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. అమ్మ ఎలా ఉందో రాయి.

కోరుట్ల_కొడుకు:

పంతొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

వంచి తీసిన ఎక్స్‌రేలో పూస జారడం ఏమీ లేదన్నారు. బలం 5కి 2 అని రాశారు. రెండో రోజు పొద్దున మైక్రోస్కోప్ కింద ఆపరేషన్ చేశారు, స్క్రూలు లేవు, మిషన్ లేదు. గంటా నలభై నిమిషాలు. నేను, చిన్నాన్న బయట బెంచీ మీద కూర్చున్నాం. సర్జన్ గారు బయటికి వచ్చి గాజుగుడ్డలో ముక్క చూపించారు. రొయ్యపొట్టు రంగులో, చింతగింజ కంటే కొంచెం పెద్దది. ఇంత చిన్నదా అన్నాడు చిన్నాన్న. నరం ఎలా ఉంది సార్ అని అడిగాను. వాచి ఎర్రగా ఉంది, కానీ వదులైంది, టైం ఇవ్వండి అన్నారు.

ఆ సాయంత్రమే కాలునొప్పి పోయిందని అమ్మ చెప్పింది. నెలల తర్వాత వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. వేలు మాత్రం లేవలేదు. మీరు ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రి నేను డాక్టర్ మీద గొడవకు వెళ్లేవాణ్ణేమో.

ఇప్పుడు ఫిజియో ఆమె వారానికి మూడుసార్లు వస్తోంది. రెండు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు, కింద కూర్చోవద్దు అన్నారు. చాట అటక మీద పెట్టేశాం. బీడీ కార్డు ఊరికే పోతుందని అమ్మ బాధ, చెల్లెలు చేస్తానంటోంది. పట్టీ ఉన్న చెప్పులు కొన్నాను మాస్టారూ. పాతవి పారేయనివ్వడం లేదు.

నిన్న చెల్లెలు వీడియో పంపింది. అదే మంచం, అదే దుప్పటి. రెండు వేళ్లూ లేపమంటే ఎడమది పూర్తిగా లేచింది. కుడిది కొంచెం ఆలోచించినట్టు ఆగి, దానికి సగం ఎత్తుకు వచ్చి, వణికి, కిందికి దిగింది. అమ్మ తన వేలినే వింతగా చూస్తోంది. మీరు చెప్పినట్టు ముందు తీసిన వీడియో పక్కన పెట్టి చూశాను. అందులో ఆ వేలు పైకి లేవనే లేదు.

ఓటీ_టెక్నీషియన్:

ఆ వణుకు చూసి బాధపడకండి, కండరానికి మళ్లీ ఆదేశం అందుతున్నప్పుడు అలాగే ఉంటుంది. రెండు వీడియోలూ సర్జన్‌కు చూపించండి. ఇంకోటి నెల తర్వాత, అదే మంచం మీద, అదే కోణంలో తీయండి. వ్యాయామం అయ్యాక తీయకండి, కండరం అలిసి ఉంటుంది. పొద్దున లేవగానే తీయండి.